అటక దించే వేళ

బెంగళూరులో ఒక పాత ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే, ఆ వీధిలో అందరికంటే ముందు తెలిసేది గుజరీ అంగడి అతనికి. గేటు దగ్గర ఆటో ఆపి, "పేపర్లు, ఇత్తడి, ఇనుము ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడుగుతాడు. ఆ అడగడం చాలాసార్లు తెలుగులోనే. లోపల పిల్లలు కొద్దిరోజుల సెలవు మీద ఊళ్లోకి దిగి ఉంటారు. అటక మీది ట్రంకు పెట్టెలు ఒక్కొక్కటీ దించుతారు. మూత తీస్తే అన్నీ తెలుగులో రాసిన కాగితాలు. వాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చదువు కన్నడంలోనో ఇంగ్లీషులోనో సాగింది. "ఏవో పాత ఉత్తరాలు" అనుకుంటారు. పెట్టె మొత్తం తూకానికి వెళ్లిపోతుంది.

ఇల్లు అమ్మేముందు ఏమేం చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రంగులు వేయించమంటారు, కుళాయిలు మార్పించమంటారు, గోడకు సీలలు లేకుండా చూడమంటారు. వాటి గురించి నేనూ చెబుతాను. అంతకుముందు మాత్రం ఆ పెట్టె గురించి మాట్లాడనివ్వండి. బెంగళూరు తెలుగువాళ్ల ఇళ్లలో అమ్మకం ఆగిపోయేదీ, తర్వాత ఎన్నేళ్లయినా మనసు పీకేదీ ఎక్కువగా ఆ పెట్టె దగ్గరే.

ఆ ఇళ్లు ఎలా వచ్చాయో ఒకసారి తలుచుకుందాం. 1898లో ప్లేగు వచ్చి పేట వీధులు ఖాళీ అయినప్పుడు, గాలీ వెలుతురూ ఉండే పేటలు కావాలని మల్లేశ్వరం, బసవనగుడి పెంచారు. ఎర్ర మంగళూరు పెంకులు, ముందు వాకిట చెక్క జాలీ, వెనక బావి ఉండే ఇళ్లు అక్కడివి. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో జయనగరానికి శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడాది రాజాజీనగరం మొదలైంది. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ 1940 నుంచే ఉంది. ప్రభుత్వరంగ కర్మాగారాలు ఐటీఐ 1948లో, హెచ్ఎంటీ 1953లో, బీఈఎల్ 1954లో వచ్చాయి. అనంతపురం, హిందూపురం, కర్నూలు, చిత్తూరు, నెల్లూరు నుంచి వచ్చి వాటిలో చేరినవాళ్లు ఎందరో. సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు సైటు ఇచ్చింది. ముందు ఒక గది, తర్వాత వంటిల్లు, పెద్దపిల్ల పెళ్లినాటికి మేడ. అలా జీతంలో మిగిలినదాన్ని బట్టి కట్టుకుంటూ పోయిన ఇళ్లవి. ఆ ఇంటి ప్రతి దశకూ ఒక కాగితం ఉంటుంది, అవన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి.

కొనేవాడి వకీలు ఏమడుగుతాడు? మూలపత్రం అడుగుతాడు. బోర్డు సైటు అయితే కేటాయింపు ఉత్తరం, లీజ్ కమ్ సేల్ అగ్రిమెంటు, తర్వాత వచ్చిన పక్కా క్రయపత్రం, ఇవన్నీ వరుసగా కావాలి. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపించే ఈసీ కావాలి. 2004 తర్వాతిదైతే రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, అంతకు ముందుదానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కాలి. పన్ను రసీదులు కావాలి. ఖాతా కావాలి. 2024 నుంచి నగరంలో ఈ-ఖాతా లేకపోతే రిజిస్ట్రేషనే జరగదు. 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికె పోయి అయిదు నగర పాలికలు వచ్చాయి కాబట్టి, మీ ఇల్లు ఇప్పుడు దేని కిందికి వస్తుందో ముందే కనుక్కోండి. ఇంకో మాట. ఖాతా మన పేరున ఉన్నంత మాత్రాన ఇల్లు మనదని రుజువు కాదు. అది పన్ను కట్టే లెక్క. హక్కు చూపించేవి పత్రాలే.

ఇక్కడే మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు వస్తుంది. తాతగారి క్రయపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఖాతాలో కన్నడ గుమాస్తా ఇంటిపేరుకు పొడి అక్షరం ఒక్కటి రాసి ఉంటాడు. పాన్ కార్డులో ఆ అక్షరం వెనక్కి పోతుంది, ఆధార్‌లో ఇంటిపేరే ఉండదు. మనిషి ఒక్కడే, కాగితాల్లో నలుగురు. ఈ నలుగురూ ఒక్కడేనని అఫిడవిట్ ఇవ్వాలి, దానికి ఆధారంగా మళ్లీ పాత కాగితాలే చూపించాలి. పెన్షన్ పుస్తకం, స్కూలు సర్టిఫికెట్, ఎప్పుడో ఊరి నుంచి తెచ్చిన పంపకాల జాబితా, ఇలాంటివే ఆదుకుంటాయి. వాటిలో సగం తెలుగులో ఉంటాయి.

వీలునామా సంగతి మరీ ముఖ్యం. చట్ట ప్రకారం దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం, ఆయన ఎదుట చేసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. అంటే మీ తాతగారి వీలునామా ఒక మామూలు తెల్లకాగితం మీద, ఫౌంటెన్ పెన్నుతో, గొలుసుకట్టు రాతలో ఉండవచ్చు. ముద్ర ఉండదు, రంగు ఉండదు. పంచాంగాల కట్టలో ఇరుక్కుని ఉంటుంది. తెలుగు చదవలేని మనవడికి దానికీ చాకలి పద్దుకూ తేడా ఎలా తెలుస్తుంది? అందుకే చెబుతున్నాను, చదవకుండా ఒక్క కాగితం కూడా గేటు దాటనివ్వకండి. మీకు చదవడం రాకపోతే చదవగలిగినవాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఆ పని వాళ్లు బాగుండగానే చేయండి. అమ్మను వేరేచోటికి పంపేసి, ఆవిడ లేనప్పుడు ఇల్లు సర్దేసి, "నీకు శ్రమ లేకుండా చేశాం" అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ గిన్నెలు, ఆ పెట్టెలు, ఆ ఉత్తరాలు ఆవిడవి. ఏది ఎవరికి వెళ్లాలో చెప్పే హక్కు ఆవిడది. ఆవిడ చెబుతుంటే ఫోనులో రికార్డు చేసుకోండి. ఏ ఉత్తరం ఎవరు రాశారో, ఫొటోలో ఎడమవైపు నుంచి మూడో మనిషి ఎవరో ఆవిడ తర్వాత ఇంకెవరూ చెప్పలేరు.

ఆడపిల్లల సంతకాల మాట కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చింది, 1985 సెప్టెంబరు నుంచి అమలు. కర్ణాటకకు అది 1994లో వచ్చింది. దేశమంతటికీ 2005లో. 2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది: ఆ హక్కు పుట్టుకతో వచ్చేది, సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదు. తండ్రి స్వార్జితమై, వీలునామా లేకపోతే అక్కడా కూతురు సమాన వారసురాలే. అందుచేత "దానికి పెళ్లప్పుడే అంతా పెట్టేశాం" అన్న మాట వకీలు ముందు నిలవదు, నిలవకూడదు కూడా. ఇల్లు సర్దడం మొదలుపెట్టిన రోజే అక్కచెల్లెళ్లను పిలిస్తే సగం గొడవలు పుట్టవు. రంగులకు అడ్వాన్సు ఇచ్చాక పిలిస్తే, అప్పటికే అంతా మీరు నిర్ణయించేసినట్టు వాళ్లకు అర్థమవుతుంది.

విదేశాల్లో ఉన్న తోబుట్టువు ముఖ్తారునామా పంపాల్సి వస్తే, అక్కడి భారత కాన్సులేటులోనో నోటరీ ఎదుటనో ధ్రువీకరించుకోవాలి. అది ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపల స్టాంపు డ్యూటీ కట్టించాలి. దీనికి ముందునుంచే వ్యవధి చూసుకోండి.

ఇక ఆస్తితో సంబంధం లేని కాగితాలు. మన పెద్దవాళ్లు వారపత్రికల్లో వచ్చే సీరియల్ నవలలను చింపి, వరుసగా పేర్చి, బైండు చేయించుకునేవారు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన భారతి, 1947 జూలైలో మొదలైన చందమామ, మద్రాసు నుంచి పోస్టులో వచ్చిన ఎన్నో పత్రికలు బెంగళూరు అటకల మీద ఉన్నాయి. అవి తూకానికి కిలో ఇంత అని పోతాయి. కానీ శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం నెలకొల్పింది ఎందుకు? తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని. ఒకానొక పత్రిక సంచిక ఎక్కడా దొరక్క, ఎవరో ఒకరి ఇంటి అటక మీది నుంచి వస్తే తప్ప ఆ ఖాళీ నిండదు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, బెంగళూరులోనే మొదలైన మనసు ఫౌండేషన్ పాత తెలుగు పుస్తకాలనూ పత్రికలనూ స్కాన్ చేయించే పని పెట్టుకుంది. మీ దగ్గరున్న పత్రికల పేరు, సంవత్సరం, నెల ఒక కాగితం మీద రాసి, ఫోనుతో అట్టల ఫొటోలు తీసి, వాళ్లకు పంపి అడగండి. వాళ్లకు ఉన్నవి వద్దంటారు, లేనివి తీసుకుంటారు. ఒక సాయంత్రం పని.

ఇది పెద్ద సంస్థల సంగతి, మా ఇంట్లో ఏముంటుందిలే అనుకోకండి. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలోనే ఒక చిన్న అరలో శతాబ్దాలు ఉండిపోయాయి. లోకానికి తెలిసింది ఇరవయ్యో శతాబ్దంలో. ఆ రేకులు చదివి, పరిష్కరించి, పాటలకు స్వరాలు కట్టినవారిలో ముఖ్యులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు చెప్పి, చివరి రోజుల్లో బెంగళూరులో ఉండి, 1979లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఈ రాష్ట్రమంతా ఉన్నారు. మైసూరులో తెలుగు ఎమ్మే చదివిన తాతయ్య నోటుపుస్తకం మీ పెట్టెలో ఉందంటే, దాన్ని తూకానికి వేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి.

సరే, సామాన్ల దగ్గరికి వద్దాం. వీటి గురించి త్వరగా చెప్పేస్తాను. రాగి హండా, ఇత్తడి బిందెలు, గంగాళం తూకానికి వేయాల్సి వస్తే మీరే తక్కెడ దగ్గర నిలబడండి. బొమ్మల కొలువు పెట్టెను మాత్రం ఎవరో ఒకరు తీసుకోవాలి. రుబ్బురోలు ఎవరికీ వద్దు, అది నిజం. ఇల్లు కొన్నవాళ్ల తోటలో ఉంచేయండి. పగిలిన దేవుడి పటాలను అశ్వత్థకట్ట మీద వదిలిపెట్టి వచ్చే అలవాటు ఈ ఊళ్లో ఉంది. అద్దం తీసి విడిగా ఇచ్చి, బొమ్మ కాగితాన్ని ఇంటి మట్టిలో కలిపేస్తే, తెల్లవారి ఆ కట్ట ఊడ్చే పౌరకార్మికురాలి చేయి తెగదు. పాత మందులు, ట్యూబులైట్లు, బ్యాటరీలు చెత్తలో కలపకండి.

తలుపులు, కిటికీలు, వంటింటి గట్ల సంగతి వేరు. బెంగళూరులో ఆ కాలపు ఏ ఇంటి వంటగదిలో చూసినా నల్లటి కడప బండలే. అరలకు అవే, అటకకు అవే, గట్టుకు అవే. మన ఊరి రాయి కన్నడ దేశపు వంటిళ్లను ఇన్నేళ్లు మోసింది. అవి అరగవు, చెదపట్టవు. టేకు తలుపులు, మంగళూరు పెంకులు కూడా అంతే, ఇంకో ఇంటికి పనికొస్తాయి.

దీంతో అసలు ప్రశ్నకు వచ్చాం. మీ ఇల్లు కొనేది ఎవరు? కాపురం ఉండేవాళ్లా, పడగొట్టేవాళ్లా? మల్లేశ్వరంలోనో జయనగరంలోనో అరవై అడుగుల సైటులో ఒంటి మిద్దె ఉంటే, కొనేవాడు డబ్బిచ్చేది నేలకు. ఇంటికి లెక్క కట్టడు. అలాంటి ఇంటికి లక్షలు పోసి రంగులు వేయించడం, కొత్త టైల్సు పరిపించడం వృథా. ఆ డబ్బు కాగితాల మీద పెట్టండి: సర్వే చేయించండి, హద్దులు తేల్చండి, ఈ-ఖాతా సరిచేయించండి. పడగొడతారని తెలిస్తే, అగ్రిమెంటు రాసేనాడే తలుపులూ, పెంకులూ, కడప బండలూ మీవని రాయించుకోండి. ఒకసారి రిజిస్టరయ్యాక మన మాట చెల్లదు. ఆర్.కె. నారాయణ్ మైసూరు యాదవగిరిలో కట్టుకున్న ఇల్లు సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమ్మకమైపోయింది, 2011లో పడగొట్టడం మొదలైంది. ఊరు ఊరంతా గోల చేస్తే ఆగింది, ప్రభుత్వం వైపు నుంచి కొని బాగుచేసి, 2016లో మ్యూజియంగా తెరిచారు. మన ఇళ్లకు అలా ఎవరూ అడ్డం పడరు. కావలసింది ముందే తీసుకోవాలి.

కాపురం ఉండేవాళ్లు కొంటారనుకుంటే మరమ్మతులకు అర్థం ఉంది. మొదట పైకప్పు. పెంకుటిల్లయితే పగిలినవి మార్చి, తూములు శుభ్రం చేయించండి. దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో వేసిన మద్రాసు మిద్దె అయితే, కారేచోట సిమెంటు పూయించకండి. పాత గోడలు సున్నంతో కట్టినవి, అవి తేమను పీల్చి బయటికి వదులుతాయి. పైన సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని, ఉప్పు పొంగి, పెచ్చులు ఊడతాయి. సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతకండి. తక్కువమందే మిగిలారు, కానీ ఉన్నారు. ఎర్ర ఆక్సైడ్ నేల మీద యాసిడ్ పోయనివ్వకండి, దాని మెరుపు మళ్లీ రాదు. తడిగుడ్డతో తుడిచి, మైనం పాలిష్ పెడితే అయిదు దశాబ్దాల నేల కూడా అద్దంలా మెరుస్తుంది. దాన్ని కప్పేసి పైన టైల్సు వేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

తర్వాత కరెంటు. గుడ్డ చుట్టిన పాత తీగలు, చెక్క పట్టీల్లో నడిచిన వైరింగు ఉంటే మార్పించాల్సిందే. అది అందం కోసం కాదు, ప్రాణం కోసం. తర్వాత సంపు కడిగించడం, చెద మందు. 2,400 చదరపు అడుగులు, అంతకు మించిన సైటులో ఇల్లుంటే వాననీటి సేకరణ ఏర్పాటు ఈ నగరంలో తప్పనిసరి. లేకపోతే నీటి బిల్లులో జరిమానా పడుతుంది, కొనేవాడు ఆ బిల్లు చూస్తాడు. పాత బావి ఉంటే పూడ్చకండి. వాననీరు దింపడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

రంగులు చివర. జనవరి నుంచి ఏప్రిల్ లోపల వేయించుకోండి. ఈ ఊళ్లో రెండు రుతుపవనాల వానలూ కురుస్తాయి. సెప్టెంబరులో, అక్టోబరులో వేసిన రంగు గోడ ఆరక బుడగలెత్తుతుంది. ఒక ముఖ్యమైన మాట: తేమ మరకను రంగుతో కప్పి అమ్మకండి. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం మనకు తెలిసి ఉంటే, చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే అంటోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ గోడ పక్కన రేపు ఒక పసిబిడ్డ ఉయ్యాల వేలాడుతుంది.

ఖర్చుల బిల్లులు దాచండి, కానీ అన్నీ పన్ను లెక్కలోకి రావు. రంగులు, చిన్న రిపేర్లు లాభంలోంచి తీసేయడానికి ఒప్పుకోరు. కొత్తగా గది వేసినా, మేడ కట్టినా అది లెక్కకు వస్తుంది. బ్రోకరు కమిషనూ వస్తుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు వచ్చిన ఇల్లయితే, ఆ తేదీ నాటి మార్కెట్ విలువనే కొన్న ధరగా చూపించుకోవచ్చు. రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత లెక్క కట్టించండి. 2024 జూలై 23కి ముందు సంపాదించిన ఇల్లయితే, దేశంలో నివసించే వ్యక్తి పన్నెండున్నర శాతం మామూలుగానో, ధరల సూచీ కలుపుకుని ఇరవై శాతమో, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. విదేశాల్లో ఉండే తోబుట్టువుకు ఆ ఎంపిక లేదు. పైగా కొనేవాడు అతని వాటాలోంచి చాలా ఎక్కువ టీడీఎస్ కోయాలి. అందుకని తక్కువ కోత కోసం ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌కు అమ్మకానికి నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆడిటరును అడ్వాన్సు తీసుకున్నాక కాకుండా, ముందే కలవండి.

చివరగా, కొన్నవాళ్లకు తాళాలతోపాటు ఒక కాగితం రాసివ్వండి. కావేరి నీళ్ల గొట్టం గేటు నుంచి ఎటు వెళుతుందో, డ్రైనేజీ మూత ఎక్కడ ఉందో, బావి పూడ్చి ఉంటే ఏ మూలన ఉండేదో, మెయిన్ స్విచ్చి నుంచి మేడకు తీగ ఎలా వెళ్లిందో, బెస్కాం ఖాతా నెంబరు, నీటి మీటరు నెంబరు, ఏ గోడను ఏ సంవత్సరంలో కదిలించారో రాయండి. ఇల్లు కట్టినప్పటి ప్లాను దొరికితే దాని నకలు జతచేయండి. మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకుని, మీ తోబుట్టువులకు ఒక్కొక్క ప్రతి పంపండి.